ఈ రోజు సంపులో ఏ నీళ్ళున్నాయి?

కొళాయి నీళ్ళలో క్లోరిన్ తీసే మందు చూపించి "ఎంత ఏయాలన్నా?" అని పెంపుడు చేపల అంగడిలో అడిగితే తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా వచ్చే జవాబు దాదాపు ఒకటే. "రెండు మూతలు ఏసేయ్‌నా, ఏం గాదు." ఏ సీసా మూత, ఎన్ని లీటర్ల తొట్టికి, ఎక్కడి నీళ్ళకు అన్నది ఆ జవాబులో లేదు. అంగడాయన్ని తప్పుపట్టి లాభం లేదు, అడిగినాయన కూడా తొట్టి కొలత చెప్పలేదు కదా. కానీ పొద్దున నీళ్ళు మార్చితే సాయంత్రానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే, తెల్లారేసరికి రెండు తేలాయంటే, చాలాసార్లు దాని మూలం ఆ రెండు మూతల లెక్కలోనే దొరుకుతుంది.

వాటర్ కండిషనర్ వాడొద్దని ఎవరూ అనడం లేదు. మనం యాంటీ క్లోరిన్ అని పిలిచే ఈ మందు చౌక, పని చేస్తుంది, కొళాయి నీళ్ళు పోసే ప్రతి తొట్టికీ అవసరం. నా వాదనల్లా ఒకటే. మన ఊళ్ళలో సీసా మూత తిప్పేముందు సంపు మూత గురించి ఆలోచించాల. ఈ రోజు అందులో ఉన్నది ఏ నీళ్ళు? ఆ సంగతి తెలియకుండా వేసే మందు ఒక్కోసారి చాలదు, ఒక్కోసారి ఎక్కువవుతుంది, ఒక్కోసారి అసలు సంబంధమే లేని జబ్బుకు వేసినట్టవుతుంది.

తిరుపతి కొళాయిలకు కల్యాణి డ్యాం నీళ్ళూ వస్తాయి, కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్ళూ వస్తాయి. రెండూ శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి వదిలే నీళ్ళే. కానీ అపార్ట్‌మెంటు సంపులోకి అవి దిగేటప్పటికే అందులో సగం బోరు నీళ్ళుంటాయి. ఎండాకాలం ముదిరితే ట్యాంకరు కూడా తోడవుతుంది. చిత్తూరులో ట్యాంకరు నీళ్ళతోనే ఏళ్ళ తరబడి సంసారాలు నెట్టుకొచ్చిన వీధులున్నాయి. అంటే మిద్దె మీది ట్యాంకు నుంచి ఒకే పైపులో వచ్చే నీళ్ళలో సోమవారం క్లోరిన్ ఉంటుంది, గురువారం ఉండదు, ఆదివారం ఎవరో సంపులో బ్లీచింగ్ పౌడరు చల్లి ఉంటారు. ఎప్పుడూ ఒకే రకం నీళ్ళొచ్చే ఊళ్ళో సీసా మీది కొలతను కళ్ళు మూసుకుని పాటించినా నడుస్తుంది. ఇక్కడ నడవదు.

క్లోరిన్ ఎంత ఉంటే చేపకు ప్రమాదమో ముందు చూద్దాం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాల. మనకు అది రక్షణ. అమెరికా పర్యావరణ సంస్థ మంచినీటి జీవులకు కొద్దిసేపటికైనా దాటకూడదని పెట్టిన హద్దు లీటరుకు 0.019 మిల్లీగ్రాములు. అంటే మనకు క్షేమమని చెప్పే నీళ్ళలో చేపలకున్న హద్దు కంటే పదింతలు క్లోరిన్ ఉంటుంది. వాసన రావడం లేదు కాబట్టి క్లోరిన్ లేదనుకోవడం ఇందుకే పనికిరాదు. మన ముక్కు పసిగట్టే మోతాదు చేరేలోపే మొప్పలు కాలిపోతాయి.

కాలిపోవడం అన్న మాట అలంకారానికి వాడింది కాదు. మొప్పల పొర ఎంతో పలుచన. నీటిలోని ఆక్సిజన్ ఆ పొర దాటే రక్తంలోకి వెళ్ళాల. క్లోరిన్ తగిలితే పొర మీది కణాలు దెబ్బతిని, వాచి, జిగురు కమ్ముకుంటుంది. అప్పుడు తొట్టిలో ఎంత గాలి కొట్టినా లోపలికి పోదు. చేప ముందు గిరగిరా తిరుగుతుంది, గులకరాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంది, తర్వాత రెక్కలు ముడుచుకుని పైనీళ్ళలో వేలాడుతుంది. కొన్ని అదే రోజు పోతాయి. కొన్ని నాలుగు రోజులు లాగి, దెబ్బతిన్న మొప్పకు బూజో బాక్టీరియానో పట్టి పోతాయి. ఆ రెండో రకం చావును ఎవరూ నీళ్ళ మార్పుతో ముడిపెట్టరు, మేత మీదకో అంగడి మీదకో నెట్టేస్తారు.

ఇక సీసాలో ఏముందో చూద్దాం. చౌక యాంటీ క్లోరిన్‌లలో ప్రధానంగా ఉండేది హైపో, సోడియం థయోసల్ఫేట్. ఫోటో స్టూడియోల్లో నలుపు తెలుపు ఫిల్ము కడిగిన కాలంలో వాడిన పలుకులే ఇవి. క్లోరిన్‌తో కలిసీ కలవగానే దాన్ని మామూలు క్లోరైడుగా మార్చేస్తుంది, నిమిషాల్లో పని అయిపోతుంది. ఎంత కావాలన్నది రసాయన చర్య నడిచే దారిని బట్టి మారుతుంది. 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు 0.9 మిల్లీగ్రాముల పలుకులతో సరిపోయే దారీ ఉంది, 7 మిల్లీగ్రాములు పట్టే దారీ ఉంది. తొట్టిలో ఏ దారిన నడుస్తుందో మనం శాసించలేం కాబట్టి 7 అని లెక్కేసుకోవడమే మంచిది. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 20 లీటర్ల బకెట్టుకు 140 మిల్లీగ్రాముల హైపో.

140 మిల్లీగ్రాములంటే ఎంత? ఇక్కడే "నాలుగు పలుకులు ఏసేయ్" అన్న సలహా దెబ్బకొడుతుంది. అరచేతిలో కాస్త హైపో పోసుకుని చూడండి. పెసరగింజంత పలుకూ ఉంటుంది, శనగగింజంత పలుకూ ఉంటుంది. పెసరగింజంతది దాదాపు 60 మిల్లీగ్రాములు తూగుతుంది, శనగగింజంతది 300 దాకా తూగుతుంది. నాలుగు పలుకులంటే ఒకరి చేతిలో పావు గ్రాము, ఇంకొకరి చేతిలో గ్రాము పైన. అందుకే పలుకులను నేరుగా వేయకుండా ద్రావణం చేసి పెట్టుకోవాల. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా మీద 10 గ్రాముల హైపో తూచి, ఆర్వో నీళ్ళలో కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లకు తెండి. ఇప్పుడు 1 మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుంటాయి. 10 లీటర్ల నీళ్ళకు 1 మి.లీ. వేస్తే లీటరుకు 10 మిల్లీగ్రాముల హైపో పడుతుంది, అది లీటరుకు 1.4 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్‌ను తట్టుకుంటుంది. మామూలు కొళాయి నీళ్ళకు ఇది చాలు. కొలవడానికి మందుల అంగడిలో దొరికే సూది లేని 5 మి.లీ. సిరంజి వాడండి. మూతతో, చెంచాతో కొలవొద్దు.

ఆ ద్రావణాన్ని ముదురు రంగు సీసాలో పోసి, పేరు, తేదీ రాసి, పిల్లలకు అందనిచోట పెట్టాల. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం పోయొద్దు, చూడ్డానికి అచ్చం నీళ్ళలాగే ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి కొత్తది కలుపుకోండి. అడుగున తెల్లగానో పసుపుగానో మడ్డి దిగిందంటే అది విరిగిపోయి గంధకం పేరుకున్నట్టు, పారబోయండి.

ఒక హెచ్చరిక. హైపో అంటే ఫిక్సరే కదా అని ఫోటో స్టూడియో వాళ్ళ దగ్గర మిగిలిపోయిన ఫిక్సరు ద్రావణం తెచ్చి తొట్టిలో పోయొద్దు. త్వరగా పనిచేసే ఫిక్సర్లలో ఉండేది సోడియం ఉప్పు కాదు, అమ్మోనియం ఉప్పు. పైగా ఆమ్లాలూ కలిసి ఉంటాయి. క్లోరిన్ తీయబోయి చేతులారా అమ్మోనియా పోసినట్టవుతుంది. అలాగే అంగడిలో "బ్లూ మందు" అని ఇచ్చే మిథిలీన్ బ్లూ యాంటీ క్లోరిన్ కాదు. అది బూజుకు వాడేది. నీలంగా ఉంది కదా, నీళ్ళు మారిస్తే వేస్తారు కదా అని వారం వారం వేసేవాళ్ళున్నారు. దానితో క్లోరిన్ పోదు సరికదా, ఫిల్టరులో మేలు చేసే బాక్టీరియా దెబ్బతింటుంది, తొట్టి మూలల సిలికాన్ నీలంగా తిరుగుతుంది. కొన్ని యాంటీ క్లోరిన్ సీసాల్లోనూ నీలం రంగు కలుపుతారు కాబట్టి గందరగోళం సహజమే. రంగు చూసి కొనొద్దు, చీటీ చదివి కొనండి. చీటీ లేని సీసా కొనొద్దు.

ఇప్పుడు రెండు మూతల లెక్క వేసి చూద్దాం. సీకెం ప్రైమ్ అనే మందు చాలా చిక్కనిది. 200 లీటర్లకు 5 మి.లీ., అంటే దాని సొంత మూతతో ఒక్క మూత. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రెండడుగుల తొట్టిలో రాళ్ళూ పైన ఖాళీ పోను ఉండేది 45 లీటర్లు. దానికి కావలసింది 1.1 మి.లీ. రెండు మూతలంటే 10 మి.లీ., తొమ్మిదింతలు. తొట్టిలో నైట్రైట్ అనే విషం విపరీతంగా పెరిగినప్పుడు ఐదింతల దాకా వాడొచ్చని తయారీదారే చెబుతాడు గానీ, అది అత్యవసరానికి, ప్రతి ఆదివారానికి కాదు. అదే రెండు మూతలు పలుచని లోకల్ యాంటీ క్లోరిన్‌వి అయితే సగం పనికి కూడా చాలకపోవచ్చు. సీసా మారిందంటే కొలత మారినట్టే.

ఎక్కువైతే ఏమవుతుంది? హైపో స్వతహాగా పెద్ద విషం కాదు, కొలతకు రెట్టింపు పడినా కంగారు అక్కర్లేదు. కానీ ఈ మందులన్నీ పనిచేసే తీరులో ఒక చిక్కుంది. క్లోరిన్‌ను పట్టుకున్నట్టే, క్లోరిన్ దొరకనప్పుడు వీటిలో చురుకైనవి నీటిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీలకు 7.5, 35 డిగ్రీలకు 7 కూడా నిలవదు. మే నెలలో తిరుపతి ఇంట్లో తొట్టి నీళ్ళు 32 దాటడం వింతేమీ కాదు. ఆ వేడిలో, క్లోరిన్ లేని బోరు నీళ్ళకు, తొమ్మిదింతల మందు, పైగా కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగి ఉంటే? చేపలు పైకి రాక ఏం చేస్తాయి? అందుకే మందు వేసేటప్పుడూ, తర్వాత కనీసం ఓ గంటా, గాలి ఆడుతూనే ఉండాల.

కొలతకు ముందు తొట్టి ఎన్ని లీటర్లో తెలియాల. అంగుళాల్లో కొన్న తొట్టిని టేపుతో సెంటీమీటర్లలో కొలిచి, పొడవు, వెడల్పు, నీటి ఎత్తు గుణించి 1000తో భాగించండి. 60, 30, 30 అయితే 54. రాళ్ళకూ బొమ్మలకూ పదో వంతు పైన తీసేయండి. ఆ అంకెను ఒక చీటీ మీద రాసి తొట్టి పక్కన అంటించండి, మళ్ళీ లెక్క వేసే పని ఉండదు. బకెట్టు కూడా అంతే. 20 లీటర్లని కొన్న బకెట్టు అంచుదాకా నింపితేనే 20. లీటరు సీసాతో ఒకసారి కొలిచి పోస్తూ, 10, 15 లీటర్ల దగ్గర మార్కరుతో గీత పెట్టుకోండి.

మందు ఎంతకు వేయాలన్న దానికి రెండు పద్ధతులున్నాయి, ఈ రెండూ కలిపేయడం వల్లే సగం తప్పులు జరుగుతాయి. బకెట్టులో కొత్త నీళ్ళు పట్టి, అందులోనే మందు కలిపి పోసేటట్టయితే బకెట్టు లీటర్లకే వేయాల. పైపు పెట్టి నేరుగా తొట్టిలోకి నీళ్ళు వదిలేటట్టయితే తొట్టి మొత్తం లీటర్లకు లెక్కగట్టి, పైపు తిప్పకముందే వేయాల. పైపు నీళ్ళు పడేచోట క్లోరిన్ చిక్కగా ఉంటుంది, దాన్ని వెంటనే అందుకోవడానికి తొట్టి అంతటా మందు సిద్ధంగా ఉండాల. నీళ్ళు నిండాక చివర్లో వేస్తే ఆ పది నిమిషాలూ మొప్పలకు తగలాల్సింది తగిలిపోయే ఉంటుంది. చిన్న తొట్టి ఉన్నవాళ్ళకు బకెట్టు పద్ధతే మేలని నా అభిప్రాయం. నాలుగడుగుల తొట్టి ఉన్నవాళ్ళు బకెట్లు మోయలేరు, వాళ్ళకు పైపు తప్పదు.

పని జరిగే క్రమం ఇలా ఉండాల. మామూలుగా వారానికి నాలుగో వంతు నీళ్ళు చాలు, 45 లీటర్ల తొట్టికి 11, 12 లీటర్లు. చేపలకే ప్రత్యేకంగా ఒక బకెట్టు పెట్టుకోండి, దానికి సబ్బు, సర్ఫు తగలకూడదు. ముందుగా కొత్త నీళ్ళు పట్టి, మందు కొలిచి వేసి, చేత్తో బాగా కలియదిప్పండి. ఎయిర్ స్టోన్ ఒకటి బకెట్టులో వేసి పది నిమిషాలు వదిలేయండి. ఈలోగా ఫిల్టరు, హీటరు ఆపి, సైఫన్ పైపుతో అడుగున మలం, మిగిలిన మేత లాగుతూ పాత నీళ్ళు తీయండి. థర్మామీటరు బకెట్టులో ఒకసారి, తొట్టిలో ఒకసారి పెట్టి చూడండి. రెండు డిగ్రీల కంటే తేడా ఉంటే ఆగండి. కండిషనర్ వేడిని తగ్గించదు. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనట్టుంటాయి, ఆ రోజుల్లో నీళ్ళు మార్చడం తెల్లారి ఆరున్నరకే ముగించాల. చివరికి నీళ్ళు పోసేటప్పుడు తొట్టిలో ఒక చిన్న ప్లేటు పెట్టి దాని మీద సన్నగా పోయండి. ఫిల్టరు మళ్ళీ వేయడం మరవొద్దు.

స్పాంజి కడగాలనుకుంటే ఇప్పుడే, తీసిన పాత నీళ్ళలో రెండుసార్లు పిండండి. కొళాయి కింద పెట్టి తెల్లబడేదాకా తోముతారే, ఆ పని మాత్రం వద్దు. చేపల మలం, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురం ఉంటుంది. బకెట్టు నీళ్ళకు శ్రద్ధగా మందు కలిపి, స్పాంజికి మాత్రం క్లోరిన్ నీళ్ళు పట్టిస్తే మూడో రోజుకు తొట్టి పాలలా తెల్లబడుతుంది, అమ్మోనియా ఎక్కుతుంది, నింద సీసా మీద పడుతుంది.

అమ్మోనియా మాట వచ్చింది కాబట్టి కాస్త నిలబడి చూడాల్సిన సంగతి ఒకటుంది, మన బోరు నీళ్ళతో చేపలు పోయే అసలు దారి అదే. గిన్నెల మీద, గీజరు కాయిల్ మీద తెల్లగా పెచ్చు కట్టే నీళ్ళు మనవి. పీహెచ్ పడిపోకుండా కాసే బైకార్బొనేట్ ఎక్కువ, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 చుట్టూ ఉంటుంది. ఇటువంటి నీళ్ళు పోసి ఆరు నెలలు మార్చకుండా వదిలేసిన తొట్టిని ఊహించండి. బాక్టీరియా పని చేసేకొద్దీ ఆ బైకార్బొనేట్ ఖర్చయిపోయి పీహెచ్ 6.5 దాకా జారుతుంది. అక్కడ బాక్టీరియా మందగించి అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు తిరుగుతూనే ఉంటాయి. ఎందుకంటే 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 6.5లో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 0.2 శాతం కూడా కాదు. తక్కినదంతా అమ్మోనియంగా, చేపకు అంతగా హాని చేయకుండా ఉంటుంది. "ఆర్నెల్లయినా చేపలు బాగానే ఉన్నాయే" అన్న ధీమా ఇలాగే పుడుతుంది.

అప్పుడు పండగకో, చుట్టాలొస్తున్నారనో, ఒకేసారి సగం తొట్టి తీసి బోరు నీళ్ళు పోస్తారు. పీహెచ్ 8కి దగ్గరవుతుంది. అదే అమ్మోనియాలో విషభాగం 5 శాతం దాటుతుంది. లెక్క వేయండి. తొట్టిలో మొత్తం అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండేది, సగం నీళ్ళు తీశారు కాబట్టి 1 అయింది. విషభాగం మాత్రం 0.0036 నుంచి 0.05కి ఎగబాకింది. నీళ్ళు శుభ్రమయ్యాయి, విషం పదిహేనింతలయింది. ఆ సాయంత్రం చేపలు పోతే "యాంటీ క్లోరిన్ తక్కువ వేశాం" అని ఇంకో మూత పోస్తారు. బోరు నీళ్ళలో క్లోరినే లేదు! హైపో అమ్మోనియాను ముట్టుకోదు. అలాంటి పాత తొట్టికి చేయాల్సింది వేరు. రోజుకు పదో వంతు చొప్పున, పది పన్నెండు రోజుల పాటు, మేత తగ్గించి, నెమ్మదిగా నీళ్ళు మార్చుకుంటూ రావాల.

కండిషనర్ కఠినత్వాన్నీ తగ్గించదు, నీళ్ళలో కరిగిన ఉప్పుల మొత్తమైన టీడీఎస్‌నూ తగ్గించదు, బోరు నీళ్ళలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్‌నూ తీయదు. బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. అందుకే క్లోరిన్ లేకపోయినా ఆ నీళ్ళను ఒక రాత్రి బకెట్టులో గాలి కొట్టి వాడాల. ఆర్వో నీళ్ళు వాడితే అన్ని బాధలూ తప్పుతాయని ఇంకో నమ్మకం ఉంది. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్‌ను నిలబెట్టే బలం ఉండదు, ఒట్టి ఆర్వో నీళ్ళలో గోల్డ్ ఫిష్, మోలీ నిలబడవు. బోరు నీళ్ళలో కొంత కలుపుకోవడానికి బాగుంటాయి. ఆర్వో మిషను వదిలేసే వృథా నీళ్ళు మాత్రం అసలు వద్దు, ఉప్పంతా వాటిలోనే చేరుతుంది.

కొళాయి నీళ్ళలోనే అమ్మోనియా ఉంటే, దానితో క్లోరిన్ కలిసి క్లోరమైన్ అవుతుంది. ఇది ఒక రోజు బకెట్టులో ఉంచితే ఎగిరిపోయే రకం కాదు. హైపో దీన్ని విడగొట్టి క్లోరిన్ భాగాన్ని తీసేస్తుంది, అమ్మోనియా మాత్రం నీటిలో మిగిలిపోతుంది. ఫిల్టరు బాగా నడిచే తొట్టిలో కొద్దిపాటి అమ్మోనియాను బాక్టీరియా చూసుకుంటుంది. కొత్త తొట్టిలో చూసుకోదు, అక్కడ అమ్మోనియాను కూడా కట్టిపెడుతుందని చీటీ మీద రాసి ఉన్న మందు వాడటం మేలు. అటువంటి మందు వేశాక అమ్మోనియా పరీక్ష చేసేవాళ్ళకు ఒక మాట. నెస్లర్ రకం కిట్టు తప్పుడు అంకె చూపిస్తుంది. పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగే సాలిసిలేట్ రకం కిట్టు వాడండి.

క్లోరిన్ ఒక్కసారిగా పెరిగే రోజులను కూడా గుర్తుపట్టాల. వరదల తర్వాత నీటి సరఫరాలో క్లోరిన్ మోతాదు పెంచడం మామూలు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినటువంటి వానలు పడ్డాక కొన్ని వారాల పాటు మామూలు కొలతను నమ్మకూడదు. ఇంతకంటే తరచుగా జరిగేది అపార్ట్‌మెంటు సంపు కడిగాక బ్లీచింగ్ పౌడరు చల్లడం. మంచి పౌడరైతే 1000 లీటర్లకు 2.5 గ్రాములు చాలు. తూచి వేసేదెవరు? 5000 లీటర్ల సంపులో 100 గ్రాములు పడిందనుకోండి. పౌడరులో మూడో వంతు క్లోరిన్ లెక్కన లీటరుకు 6.6 మిల్లీగ్రాములు. దాన్ని పూర్తిగా తీయాలంటే లీటరుకు 46 మిల్లీగ్రాముల హైపో కావాల. మనం మామూలుగా వేసేది 10. ఆ రోజు మందు పెంచడం కంటే నీళ్ళు మార్చకుండా ఉండటమే మంచి పని. వాచ్‌మన్ అన్న నంబరు ఉంటే "సంపు ఎప్పుడు కడుగుతారన్నా?" అని ముందే అడిగి పెట్టుకోండి. చేప ఒక వారం పాత నీళ్ళలో ఉంటే ఏమీ కాదు.

మరిచిపోయి మందు వేయకుండా పోసేశారా? వెంటనే తొట్టి మొత్తం లీటర్లకు లెక్కగట్టి వేయండి, ఎయిర్ పంపు పూర్తిగా పెంచండి, లైటు ఆపండి, ఆ రోజు మేత వేయొద్దు. కంగారుపడి మళ్ళీ నీళ్ళు మార్చొద్దు, అవే క్లోరిన్ నీళ్ళు ఇంకోసారి పోసినట్టవుతుంది. తొట్టిలో పొటాషియం పర్మాంగనేట్ వేసి ఉంటే యాంటీ క్లోరిన్ దాన్ని విరిచేస్తుందని గుర్తుంచుకోండి. రాగి కలిసిన మందు వాడుతుంటే రెండూ ఒకేసారి వేయొద్దు, మందు చీటీలో ఎంత ఎడం చెప్పి ఉంటే అంత ఎడం ఇవ్వండి.

ఇంతకీ ఈ రోజు నీళ్ళు ఏవో తెలిసేదెలా? ఈత కొలనుల వాళ్ళు వాడే క్లోరిన్ పరీక్ష కిట్టు చిన్నది కొనుక్కోండి. ఓటీ అనే చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుపు రంగుకు తిరుగుతాయి, ఎంత ఎక్కువుంటే అంత ముదురు. డీపీడీ రకమైతే గులాబీ రంగు. నీళ్ళు మార్చే రోజు ముందుగా కిట్టులోని చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. రంగు అసలు రాకపోతే ఆ నీళ్ళలో క్లోరిన్ దాదాపు లేనట్టే, గాలి కొట్టి, వేడి చూసి పోసుకోవచ్చు. కిట్టు లేని వాళ్ళు మాత్రం ప్రతిసారీ, సరిగ్గా కొలిచి, మామూలు మోతాదు వేయాల్సిందే. క్లోరిన్ లేని నీళ్ళకు ఒక మోతాదు వేయడం వల్ల జరిగే నష్టం, ఉన్న నీళ్ళకు వేయకపోవడం వల్ల జరిగే నష్టంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

అదే కిట్టుతో అంగడిలో తెచ్చిన సీసా పనిచేస్తుందో లేదో కూడా చూడొచ్చు. కార్పొరేషన్ నీళ్ళు వదిలిన రోజు, సంపులోకి పోకముందే పట్టిన నీళ్ళు ఒక లీటరు తీసుకోండి. అందులోంచి ఒక గొట్టంలోకి కాస్త పోసి ఓటీ చుక్కలు వేయండి, పసుపు వచ్చిందా చూడండి. గొట్టం కడిగేయండి. మిగిలిన లీటరు నీళ్ళలో చీటీ మీది మోతాదు వేయండి. పైన చెప్పిన 10 శాతం హైపో ద్రావణమైతే లీటరుకు 0.1 మి.లీ., అంటే రెండు చుక్కలు. కలియదిప్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ గొట్టంలోకి తీసి కొత్తగా ఓటీ వేయండి. ముందు పసుపెక్కిన గొట్టంలోనే మందు పోసి చూడొద్దు, ఆ ఫలితాన్ని నమ్మలేం. ఇప్పుడు నీళ్ళు ఏ రంగూ లేకుండా నిలిస్తే సీసా మంచిది. లేత పసుపు ఇంకా కనిపిస్తే మందు పలుచనైందని అర్థం, సీసా మార్చండి. పరీక్ష చేసిన నీళ్ళు సింకులో పోయండి. ఓటీ చుక్కలు విషం, తొట్టి దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి.